మీ ప్రశ్న – ఫిజియో జవాబు: నాన్న గుప్పిట తెరుచుకోవట్లేదు

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్ళు, కిరాణా కొట్టు నడుపుతారు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కాలు బాగానే వచ్చింది, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నారు. చెయ్యే రావట్లేదు, వేళ్ళు ముడుచుకునే ఉంటాయి, గట్టిగా ప్రయత్నిస్తే కొంచెం తెరుచుకుంటాయి. రోజూ స్మైలీ బాల్ నొక్కిస్తున్నాం, కరెంటు కూడా పెట్టిస్తున్నాం. హైదరాబాద్‌లో రోబో మెషిన్ ఉందంటున్నారు, తీసుకెళ్ళాలా? మంచి చెయ్యి కట్టేస్తే పడిపోయిన చెయ్యి పనిచేస్తుందని యూట్యూబ్‌లో చూశాను, నిజమేనా? చుట్టాలేమో పావురం రక్తం రాయమంటున్నారు.
– ఓ కూతురు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ బాల్ తీసి పక్కన పెట్టేయండి. పక్షవాతం అనగానే ప్రతి ఇంట్లో ఒక బాల్ ప్రత్యక్షమవుతుంది, ఎవరు మొదలుపెట్టారో గానీ! మీ నాన్నగారికి వేళ్ళు ముడిచే కండరాలు అసలే బిగుసుకుని ఉన్నాయి, మళ్ళీ రోజూ వాటితోనే కసరత్తు చేయిస్తున్నారు. ఆయనకి కష్టంగా ఉన్నది పట్టుకోవడం కాదు, వదలడం. గ్లాసు పట్టుకోవాలన్నా ముందు వేళ్ళు గ్లాసంత విచ్చుకోవాలి కదా. కరెంటు కూడా ముంజేతి పైవైపు, అంటే వేళ్ళు తెరిచే కండరాల మీద పెడుతున్నారా లేదా అడగండి. ఊరికే పెట్టించుకుని పడుకోవడం కాకుండా, అది కొట్టినప్పుడల్లా ఆయన కూడా వేళ్ళు తెరవడానికి ప్రయత్నించాలి.

మంచి చెయ్యి కట్టేయడం నిజమైన చికిత్సే. అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే సైకాలజిస్ట్ కోతుల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. మొదట్లో చెయ్యి లేవదు, లేవట్లేదు కదా అని మనిషి అన్నీ రెండో చేత్తోనే కానిచ్చేస్తాడు, తర్వాత మెదడు కొంత కోలుకున్నా ఆ చెయ్యి వాడటమే మర్చిపోతాడు. 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని తీసుకుని, కొందరికి రెండు వారాలపాటు మేలుకుని ఉన్న టైమ్‌లో 90 శాతం మంచి చేతికి గ్లవ్ తొడిగి, రోజూ గంటల తరబడి పనులు చేయిస్తే మామూలు వైద్యం కంటే బాగా వచ్చింది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. అయితే వాళ్ళందరికీ మణికట్టు కనీసం 10 డిగ్రీలు, బొటనవేలు, ఇంకో రెండు వేళ్ళయినా 10 డిగ్రీలు లేస్తున్నాయి. మీ నాన్నగారి ముందు టేబుల్ మీద చేతిగుడ్డ పెట్టి, పట్టుకుని మళ్ళీ వదలగలరేమో చూడండి. అది వస్తుంటే ఫిజియోతో మాట్లాడి మొదలుపెట్టచ్చు. తాళ్ళతో కట్టడం వద్దు, వంటింట్లో వేడి గిన్నెలకి వాడే గ్లవ్ లాంటిది చాలు. ఆయన కర్ర పట్టేది ఎడమ చేత్తోనే కాబట్టి నడిచేటప్పుడు, మెట్ల దగ్గర, బాత్రూమ్‌లో తీసేయాలి, లేకపోతే పడిపోతారు.

పనులంటే ఆయనకి తెలిసిన పనులే ఇవ్వండి. పావుకిలో పప్పు ప్యాకెట్లు ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్చడం, బట్టల క్లిప్పులు తీసి తీగకి పెట్టడం, డబ్బా మూత తీయడం. పదిసార్లు చేసి హమ్మయ్య అనుకుంటే చాలదు, రోజు మొత్తమ్మీద వందల్లో ఉండాలి. ఆలస్యమవుతోందని అమ్మగారు అన్నం కలిపి పెట్టేస్తుంటే మాత్రం ఈ కష్టమంతా వేస్టు.

గుడ్డ కూడా వదల్లేకపోతే అద్దంతో మొదలుపెట్టండి. టేబుల్ మీద అద్దం నిలువుగా నిలబెట్టి, పడిపోయిన చెయ్యి దాని వెనక పెట్టించి, మంచి చెయ్యి నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ అద్దంలో చూడమనండి. పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది, మెదడుకి అదే కావాలి. రోజుకి అరగంట చాలు, ఖర్చూ లేదు. చెయ్యి పోయినవాళ్ళకి లేని చేతిలో వచ్చే నొప్పి కోసం తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత పక్షవాతానికీ వాడుతున్నారు.

రోబో కోసం అప్పు చేయకండి. బ్రిటన్‌లో 770 మంది మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది, రోబో వల్ల చేతి పనితనంలో మామూలు వైద్యం కంటే అదనంగా మెరుగేమీ కనిపించలేదు. ఆ డబ్బుతో మంచి ఫిజియోని ఇంటికి పిలిపించుకోవచ్చు. వేళ్ళు మరీ బిగుసుకుపోయి గోళ్ళు అరచేతిలో దిగుతుంటే కండరాల బిగువు తగ్గించే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి న్యూరాలజిస్ట్‌ని అడగండి, అది మూడు నెలలు అటూ ఇటూగా పనిచేస్తుంది, ఆలోపు ఎక్సర్‌సైజులు జోరుగా చేయించాలి.

భుజం జాగ్రత్త. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, కప్పీకి తాడు కట్టి చెయ్యి పైకి లాగించే అలవాటుంటే మానేయండి. స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి కాపడం పెడితే కాలినా ఆయనకి తెలియదు.

పావురం రక్తం వల్ల ఏమీ రాదు. పైగా అలాంటి వైద్యాలు చేసేవాళ్ళు కొందరు బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు కూడా ఆపేయమంటారు, అది మాత్రం చేయొద్దు.

ప్రశ్న: నాకు స్ట్రోక్ వచ్చి మూడేళ్ళయింది. ఆరు నెలలు దాటితే చెయ్యి ఇక రాదంటారు, వదిలేయాలా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: వదిలేయకండి. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా రాదు, అంతే. ఏళ్ళు గడిచాక కూడా గట్టిగా సాధన చేస్తే కొంత వస్తుంది. మెడలోని వేగస్ నరానికి కరెంటిచ్చే పరికరాన్ని అమెరికాలో 2021లో ఆమోదించింది కూడా పాత స్ట్రోక్ వాళ్ళ చేతి కోసమే, కానీ ఆపరేషన్ చేసి పెట్టాలి, దాంతోపాటు ఎక్సర్‌సైజులూ తప్పవు. ముందు మీ వేళ్ళు ఎంత తెరుచుకుంటున్నాయో రాయండి, దాన్నిబట్టి ఏం చేయాలో చెప్తాను.