క్రెడిట్ కార్డు లిమిట్ అత్యవసర నిధి కాదు: మైళ్ల కార్డుల గురించి ఒక పాఠకుడికి సమాధానం

ప్రశ్న: మేమిద్దరం ఒకే సంస్థలో ఉద్యోగం చేస్తున్నాం. మాకు తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి ఉన్నారు. మా అమ్మానాన్నలు కూడా మాతోనే ఉంటారు. పిల్లలకు వచ్చే పెద్ద సెలవుల్లో ఆరుగురం కలిసి విదేశీ యాత్రకు వెళ్లాలని అనుకుంటున్నాం. ఎనిమిది నెలల కిందట ఒక విమాన సంస్థ పేరు మీద ఉన్న కార్డు తీసుకుని, ఇంత ఖర్చు చేస్తే కొత్త కార్డుదారులకు ఇచ్చే స్వాగత బోనస్ మైళ్ల (టికెట్లకు మార్చుకునే పాయింట్ల) కోసం ఇంటికి కావలసిన పెద్ద వస్తువులన్నీ దాని మీదే కొన్నాం. మైళ్లు వచ్చాయి కానీ, మా నెలన్నర ఇంటి ఖర్చుకు సమానమైన బాకీ దాని మీద మిగిలింది. ప్రస్తుతం కనీస మొత్తం కడుతున్నాం, నెలకు 3.5 శాతం వడ్డీ పడుతోంది. ఇప్పుడు మా ఇద్దరి పేర్ల మీదా కలిపి మరో మూడు కార్డులు తీసుకుని అద్దె, స్కూలు ఫీజులు, బీమా ప్రీమియాలు అన్నీ వాటితో కట్టాలని ఆలోచన. ఏ కార్డులు తీసుకుంటే మైళ్లు త్వరగా వస్తాయి? యాత్ర కోసం రెండు నెలల ఖర్చంత, అత్యవసరానికి ఒక నెల ఖర్చంత డబ్బు దాచాం. నెలనెలా ఇంటి ఖర్చులో నాలుగో వంతు యాత్ర నిధిలో వేస్తున్నాం. ఏదైనా అవసరం వస్తే కార్డుల లిమిట్ ఎలాగూ ఉంటుంది. హోటళ్లకు డబ్బు తక్కువైతే వ్యక్తిగత రుణం తీసుకుంటాం.

సమాధానం: మీరు అడిగింది కార్డుల గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం వేరే ఉంది. ‘ఏదైనా అవసరం వస్తే కార్డుల లిమిట్ ఎలాగూ ఉంటుంది’ అన్నారు. మంచి జీతాలు వచ్చే కుటుంబాలు కూడా ఈ ఒక్క నమ్మకం వల్లే అప్పుల్లో చిక్కుకోవడం నేను తరచుగా చూస్తున్నాను. కాబట్టి మీకిచ్చే సమాధానం మీలాగే ఆలోచిస్తున్న ఇతర పాఠకులకు కూడా ఉపయోగపడాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కార్డు మీద మీకిచ్చిన పరిమితి మీ డబ్బు కాదు. అది బ్యాంకు తనకు ఇష్టమైనంత కాలం మీకు ఇవ్వజూపే అప్పు, దాన్ని తగ్గించే అధికారం కూడా బ్యాంకు దగ్గరే ఉంటుంది. 2008 ఆర్థిక సంక్షోభంలోనూ, 2020లో కొవిడ్ వ్యాపించినప్పుడూ అనేక బ్యాంకులు తమ ఖాతాదారుల కార్డు పరిమితులను తగ్గించాయి, వాడకుండా పక్కన ఉంచిన కార్డులను కొన్ని మూసేశాయి. ఉద్యోగాలు పోతున్న రోజుల్లో బ్యాంకులకు ముందుగా పట్టుకునే భయం హామీ లేని అప్పుల గురించే. అంటే మీకు డబ్బు అత్యవసరమయ్యే కాలమూ, బ్యాంకు చెయ్యి వెనక్కి తీసుకునే కాలమూ సాధారణంగా ఒకటే అవుతాయి. ఒకవేళ పరిమితి తగ్గకుండా ఉన్నా, ఆదాయం ఆగిపోయిన ఇంట్లో నెలకు 3.5 శాతం వడ్డీతో సరుకులూ మందులూ కొనడం మొదలుపెడితే, కొత్త ఉద్యోగం దొరికేనాటికి ఆ జీతంలో పెద్ద భాగం ముందే ఖర్చైపోయి ఉంటుంది.

మీ విషయంలో ఈ ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. ఇంట్లో రెండు జీతాలు ఉన్నాయన్న ధైర్యం మీకు ఉండి ఉండవచ్చు, కానీ ఆ రెండూ ఒకే సంస్థ నుంచి వస్తున్నాయి కాబట్టి ముప్పు లెక్కలో అవి ఒక్క జీతంతో సమానం. ఆ సంస్థ ఒక విభాగాన్ని మూసినా, ఒక నెల జీతాలు ఆలస్యం చేసినా మీ ఇంటికి వచ్చే రాబడి మొత్తం ఒకేసారి ఆగిపోతుంది. దానికి తోడు ఇద్దరు పిల్లలూ, వయసు పైబడిన తల్లిదండ్రులూ మీ మీదే ఆధారపడి ఉన్నారు. ఇలాంటి కుటుంబానికి కనీసం ఆరు నెలల ఖర్చు, నన్నడిగితే తొమ్మిది నెలల ఖర్చు, కోరిన రోజే చేతికి అందేలా ఉండాలి. మీ దగ్గర ఉన్నది ఒక నెలకు సరిపోయేది మాత్రమే, పైగా నెలన్నర ఖర్చంత బాకీ ఉంది. రెండూ కలిపి చూస్తే మీ అత్యవసర నిధి సున్నా కన్నా కిందనే ఉంది. ఈ స్థితిలో మరో మూడు కార్డులకు దరఖాస్తు చేయమని నేను చెప్పలేను.

ఇప్పుడు మైళ్ల లెక్క చూద్దాం. మీ నెల ఖర్చును 100 అనుకోండి. మంచి ప్రయాణ కార్డు అయినా, వచ్చిన పాయింట్లను తెలివిగా వాడుకుంటే సాధారణంగా ఖర్చులో రెండు శాతం వరకు విలువ దక్కుతుంది. ఏడాది ఖర్చు మొత్తం కార్డు మీద పెడితే 1,200 మీద రెండు శాతం, అంటే 24. అయితే మీరు కట్టాలనుకున్న అద్దె, ఫీజులు, ప్రీమియాల మీద చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు, లేదా నెలకు ఇంత అని గరిష్ఠ పరిమితి పెడతాయి. అద్దె మీద వేరే రుసుము తీసుకునేవి కూడా ఉన్నాయి. కొన్న వస్తువును వాయిదాల్లోకి మార్చుకుంటే ఆ కొనుగోలు మీద పాయింట్లు ఇవ్వని కార్డులు ఎన్నో ఉన్నాయి. ఈ మినహాయింపులన్నీ తీసేసి ఖర్చులో అరవై శాతానికే పాయింట్లు వచ్చాయనుకుంటే ఏడాదికి మిగిలేది 14 చిల్లర మాత్రమే, అందులోంచి వార్షిక రుసుములు కూడా పోవాలి.

మీ పాత బాకీ 150. దాని మీద నెలకు 3.5 శాతం అంటే ప్రతి నెలా 5.25, ఏడాదికి 63. అంటే 14 సంపాదించడానికి 63 కడుతున్నారు. గడిచిన ఎనిమిది నెలల్లోనే మీరు వడ్డీ రూపంలో సుమారు 42 చెల్లించి ఉంటారు, స్వాగత బోనస్ విలువను దాని పక్కన పెట్టి మీరే పోల్చుకోండి. ఇది కూడా మీరు ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనలేదనుకుని వేసిన లెక్క. బిల్లు పూర్తిగా కట్టనంత కాలం చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని రోజులు ఉండవు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆ విషయం తెలియక, మైళ్లు వస్తాయి కదా అని అదే కార్డు మీద నెల సరుకులు కొనేవారు ఎందరో ఉన్నారు. నెలకు 3.5 శాతం చక్రవడ్డీగా లెక్కిస్తే ఏడాదికి 51 శాతం అవుతుంది. అంత వడ్డీకి అప్పు చేసి లాభం తెచ్చే ప్రయాణ పథకం ఏదీ లేదు.

హోటళ్ల కోసం వ్యక్తిగత రుణం తీసుకునే ఆలోచనను దయచేసి ఇక్కడితో వదిలేయండి. వారం రోజుల విహారానికి రెండు మూడేళ్ల వాయిదాలు కట్టడం ఏ లెక్క ప్రకారమూ సమర్థించలేనిది. టికెట్లు ఉచితంగా వచ్చాయన్న భావనే ఆ రుణానికి దారి తీస్తోందని గమనించండి. మైళ్లు ప్రధానంగా తీర్చేది విమాన ఛార్జీని, అది కూడా పూర్తిగా కాదు. పన్నులు, విమానాశ్రయ రుసుములు, కొన్ని సంస్థలు విధించే ఇంధన సర్‌ఛార్జీ డబ్బు రూపంలోనే చెల్లించాలి, ఆరు టికెట్లకు కలిపి అది చిన్న మొత్తం కాదు. వీసాలు, బస, భోజనం, స్థానిక ప్రయాణాల ఖర్చులో మైళ్ల పాత్ర చాలా తక్కువ.

ఆరుగురు కలిసి వెళ్లే కుటుంబాలకు మైళ్లతో మరో ఇబ్బంది ఉంది. ఈ పథకాలు మొదట కుటుంబాల కోసం పుట్టినవి కావు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘అడ్వాంటేజ్’ అనే తన మైళ్ల పథకాన్ని ప్రారంభించినప్పుడు దాని దృష్టి పని మీద పదే పదే ఒంటరిగా తిరిగే ఉద్యోగుల మీద ఉంది. నేటికీ తక్కువ మైళ్లకు లభించే సీట్లను సంస్థలు ఒక్కో విమానంలో కొద్దిగానే విడుదల చేస్తాయి. పిల్లల సెలవుల్లో, అందరూ ప్రయాణం చేసే తేదీల్లో, ఒకే విమానంలో అలాంటి సీట్లు ఆరు దొరకడం చాలా అరుదు. రెండేళ్లు నిండిన పిల్లలకు విడిగా సీటు తీసుకోవాలి, ఆ సీటుకు సాధారణంగా పెద్దవారితో సమానంగా మైళ్లు ఖర్చవుతాయి. కాబట్టి మీ నాలుగేళ్ల అబ్బాయికి రాయితీ ఉంటుందని లెక్క వేసుకోకండి.

మైళ్లను డబ్బులా దాచుకోవచ్చనుకోవడం కూడా పొరపాటే. వాటి విలువను నిర్ణయించేది విమాన సంస్థ, మార్చేదీ అదే. అమెరికా విమాన సంస్థలైన డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్లో తెలిపే పట్టికలను తొలగించాయి, అప్పటి నుంచి వాటిలో టికెట్‌కు ఎన్ని మైళ్లు అడుగుతారో ఆ రోజు చూస్తే తప్ప తెలియదు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ 2012 అక్టోబరులోనూ, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లోనూ విమానాలు నిలిపివేసినప్పుడు, ఆ సంస్థల్లో ఎగరడానికి ఏళ్ల తరబడి మైళ్లు పోగుచేసుకున్నవారికి ఎక్కడానికి ఆ విమానమే లేకుండా పోయింది. ఈ పథకాలు ఎవరికి ఎంత లాభం తెస్తాయో తెలుసుకోవాలంటే 2020ని గుర్తు చేసుకోండి. విమానాలు నేల మీదే ఉండిపోయిన ఆ ఏడాది యునైటెడ్, డెల్టా సంస్థలు తమ మైళ్ల పథకాలను హామీగా చూపి వందల కోట్ల డాలర్ల అప్పు సమకూర్చుకోగలిగాయి. బ్యాంకులు కార్డుదారులకు ఇవ్వడానికి కొనే మైళ్ల నుంచి వచ్చే ఆదాయం అంత నమ్మదగినది కాబట్టే ఆ అప్పు పుట్టింది.

ఇక మీరు చేయవలసిన పని. యాత్ర కోసం దాచిన రెండు నెలల ఖర్చులోంచి నెలన్నర తీసి ఈ వారమే కార్డు బాకీ పూర్తిగా కట్టేయండి. పొదుపు మీద మీకు వచ్చే వడ్డీ ఎంతైనా, అది నెలకు 3.5 శాతానికి దరిదాపుల్లో ఉండదు. బాకీ మొత్తం ఎంతో బ్యాంకును అడిగి ఆ అంకెనే కట్టండి, ఎందుకంటే చివరి బిల్లులో చూపిన మొత్తం కడితే ఆ తర్వాత పెరిగిన వడ్డీ మిగిలిపోయి మళ్లీ బాకీగా మొదలవుతుంది. అప్పుడు యాత్ర నిధిలో మిగిలే అర నెల ఖర్చునూ, మీ దగ్గర ఉన్న ఒక నెల ఖర్చునూ కలిపి అత్యవసర నిధిగా వేరే ఖాతాలో ఉంచండి. నెలనెలా యాత్రకు వేస్తున్న పాతిక శాతాన్నీ, ఇన్నాళ్లూ వడ్డీకి పోయిన ఐదు శాతాన్నీ దానికే మళ్లిస్తే, నెలకు ఖర్చులో ముప్పై శాతం చొప్పున, కనీస లక్ష్యమైన ఆరు నెలల్లో మిగతా నాలుగున్నర నెలల ఖర్చు పదిహేను నెలల్లో జమ అవుతుంది. యాత్ర ఏడాదికి పైగా వెనక్కి జరుగుతుంది, దానికి నేను బాధపడుతున్నాను. మీ అమ్మానాన్నలను తీసుకెళ్లాలన్న మీ కోరిక ఎంతో మంచిది, కానీ వారి మందులకూ ఆసుపత్రికీ సరిపడే డబ్బు ఇంట్లో సిద్ధంగా ఉండటం అంతకన్నా ముందు రావాలి. మీ ఇద్దరికీ సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా తప్ప వేరే పాలసీ లేకపోతే, ఉద్యోగంతో పాటే అదీ పోతుందని గుర్తుంచుకుని సొంతంగా ఒకటి తీసుకోండి.

నిధి పూర్తయ్యాక, వరుసగా ఆరు నెలలు బిల్లు పూర్తిగా కట్టిన అలవాటు ఏర్పడ్డాక, కావాలంటే ఒక్క కార్డు తీసుకోండి. ఒకే విమాన సంస్థకు ముడిపడిన కార్డు కన్నా, పాయింట్లను అనేక సంస్థలకు బదిలీ చేసుకునే వీలున్న బ్యాంకు కార్డు కుటుంబాలకు మేలు, ఎందుకంటే సీట్లు దొరికిన సంస్థకే పాయింట్లు పంపవచ్చు. ఒకసారి పంపిన పాయింట్లు సాధారణంగా వెనక్కి రావు కాబట్టి, మీకు కావలసిన తేదీన సీట్లు కనిపించాకే బదిలీ చేయండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్ వంటి సంస్థల్లో కుటుంబ సభ్యుల మైళ్లను ఒకచోట కలుపుకునే ఏర్పాటు ఉంది, అది ఉన్న పథకాలను ముందు పరిశీలించండి. ఆరు టికెట్లూ మైళ్లతోనే రావాలని పట్టుబట్టకుండా రెండింటికి మైళ్లు వాడి, మిగతా నాలుగు డబ్బుతో కొనేలా యాత్ర నిధిని లెక్క వేసుకోండి. విదేశంలో వాడినప్పుడు కరెన్సీ మార్పిడి రుసుము ఎంతో కూడా చూసుకోండి, చాలా కార్డుల్లో అది మూడు శాతం దాకా ఉండి మైళ్ల విలువనంతా మింగేస్తుంది. కార్డుతో పాటు వచ్చే ప్రయాణ బీమాను మీ తల్లిదండ్రుల విషయంలో నమ్ముకోవద్దు. వాటిలో వయోపరిమితులు, పాత జబ్బులకు మినహాయింపులు, టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలన్న షరతులు తరచుగా ఉంటాయి కాబట్టి వారికి విడిగా పాలసీ తీసుకోండి.

ఒకేసారి మూడు దరఖాస్తులు పెడితే మీ ఇద్దరి క్రెడిట్ నివేదికల్లో (అప్పుల చరిత్రలో) కలిపి మూడు విచారణలు నమోదై, రేపు గృహరుణం అడిగినప్పుడు అడ్డు రావచ్చు. మీరు తీసుకునే ఆ ఒక్క కార్డుకు మీ జీతం పడే ఖాతా నుంచి ఆటో చెల్లింపు పెట్టండి. ఆ ఫారంలో కనీస మొత్తమా, పూర్తి మొత్తమా అని అడుగుతారు, పూర్తి మొత్తాన్నే ఎంచుకోండి.