బెరడు పురుగులు కొన్ని చెట్లను చంపితే పైన్ అడవి పలచబడి బాగా పెరుగుతుందా?

కొంతవరకు నిజమే, కానీ పురుగు చేసే పలచన మనం కోరుకునేది కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియానే చూడండి. 1990ల నుంచి మౌంటెన్ పైన్ బీటిల్ అనే బెరడు పురుగు అక్కడ సుమారు 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది. అమ్మకానికి పనికొచ్చే పైన్ కలపలో సగానికి పైగా పోయింది.

ఈ పురుగు బియ్యపు గింజంతే ఉంటుంది. ఆడపురుగు బెరడు తొలిచి, వాసనతో మిగతావాటిని పిలుస్తుంది. చెట్టు జిగురు కార్చి వాటిని బయటికి నెడుతుంది. కానీ వందల పురుగులు ఒకేసారి దాడి చేస్తే ఆ జిగురు చాలదు. పైగా అవి మోసుకొచ్చే నీలి బూజు కాండంలో నీటి దారులను మూసేస్తుంది. మైనస్ 40 డిగ్రీల చలి పడితే లార్వాలు చాలావరకు చచ్చేవి. ఇప్పుడు అలాంటి శీతాకాలాలు తగ్గాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అటవీ సిబ్బంది పలచన చేసేటప్పుడు సాధారణంగా బలహీనమైన, సన్నని చెట్లు తీస్తారు. పురుగు మాత్రం బెరడు కింద మేత ఎక్కువుండే లావు చెట్లనే ఎంచుకుంటుంది. మిగిలిన చిన్న చెట్లకు వెలుతురు, నీరు దొరికి కొన్నేళ్లు వేగంగా పెరుగుతాయి, అది వాస్తవమే. కానీ పోయిన పెద్ద చెట్ల లోటు తీరడానికి దశాబ్దాలు పడుతుంది.

ముందే పలచన చేస్తే చెట్లకు జిగురు శక్తి పెరుగుతుంది, గాలి ఆడి పురుగుల వాసన సంకేతం చెదిరిపోతుంది. దాడి ఉధృతమయ్యాక మొదలుపెడితే మాత్రం పెద్దగా ఫలితం ఉండదు. ఎండిన చెట్లు నరికేటప్పుడు కింద బతికున్న మొక్కలను తప్పనిసరిగా కాపాడాలి, రేపటి అడవి వాటిదే.