మాత్ర కంటే ముందు రక్తనాళాల సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 44. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు, కోరిక కూడా తగ్గింది. రోజుకు పది సిగరెట్లు కాలుస్తాను. వారాంతాల్లో మద్యం తాగుతాను. రాత్రి అయిదు గంటలకు మించి నిద్ర ఉండదు. మాత్ర వేసుకుంటే సరిపోతుందని మిత్రుడు అంటున్నాడు. నా అలవాట్లకూ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. మాత్ర కొనే ముందే ఆ సంబంధం ఏమిటో మీరు తెలుసుకోవాలి. ప్రేరణ కలిగినప్పుడు నాడుల నుంచి, రక్తనాళాల లోపొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై, ధమనులు వ్యాకోచించి, అంగంలోకి రక్తం నిండుతుంది. పొగ దెబ్బతీసేది ఆ లోపొరనే. అదుపు తప్పిన మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా అక్కడే హాని చేస్తాయి. అంగానికి రక్తం అందించే ధమనుల వ్యాసం 1 నుంచి 2 మిల్లీమీటర్లే ఉంటుంది, గుండె ధమనులది 3 నుంచి 4 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అందువల్ల ఒకే జబ్బు ముందుగా సన్నని నాళాల్లోనే బయటపడుతుందని వైద్యులు భావిస్తారు. గుండె జబ్బు లక్షణాలు కనిపించడానికి రెండు నుంచి అయిదేళ్ల ముందే అంగస్తంభన లోపం మొదలైనవారు ఎందరో ఉన్నారు. మీ వయసులో ఈ ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం ఇదే.

కోరిక తగ్గడానికి నిద్రలేమి ఒక కారణం కావచ్చు. ఆరోగ్యవంతులైన యువకులను వారం పాటు రోజుకు అయిదు గంటలే నిద్రపోనిచ్చినప్పుడు, వారిలో కోరికకు తోడ్పడే పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ పగటి వేళ 10 నుంచి 15 శాతం తగ్గినట్టు 2011లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చూపింది. మద్యం బిడియాన్ని పోగొట్టి కోరిక పెరిగినట్టు అనిపింపజేసినా స్తంభనను మాత్రం బలహీనపరుస్తుంది. ఆ మత్తులో కండోమ్ వంటి జాగ్రత్తలు మరిచిపోవడమూ సాధారణమే.

అయితే తప్పంతా అలవాట్లదేనని ముందే తీర్మానించలేం. మానసిక ఒత్తిడి, కుంగుబాటు, వాటికి వాడే కొన్ని మందులు కూడా ఇలాంటి ఇబ్బంది తెస్తాయి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటోందా అన్నది గమనించి మీ వైద్యుడికి చెప్పండి. కారణం ఎటువైపు ఉందో అంచనా వేయడానికి అది ఎంతో సాయపడుతుంది.

రక్తపోటు, పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష), కొలెస్ట్రాల్, ఉదయం పూట టెస్టోస్టెరాన్ పరీక్షలు చేయించుకోండి. సిగరెట్లు పూర్తిగా మానేయండి, తగ్గిస్తే చాలదు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున, ఆయాసం తెలిసేంత వేగంగా నడిస్తే కొన్ని నెలల్లో స్తంభన మెరుగుపడే అవకాశం ఉంది. నడకలోనో మెట్లెక్కేటప్పుడో ఛాతీలో నొప్పి, బిగువు అనిపిస్తే ఆగిపోయి వెంటనే వైద్యుడిని కలవండి.

మాత్రలు చెడ్డవని నేను అనడం లేదు, పరీక్షల తర్వాత నేనే రాసివ్వవచ్చు. కానీ ఛాతీ నొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు వీటిని మింగితే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. మిత్రుడి మాట మీద వేసుకోవద్దనడం అందుకే. ఈ విషయం మీ భార్యకు కూడా చెప్పండి. చెప్పకపోతే, మీ దూరాన్ని ఆమె తన మీద అయిష్టంగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. వీలైతే ఆమెను వెంటబెట్టుకునే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.