గ్యాస్ కొట్టించే ముందు బానెట్ ఎత్తండి

ప్రశ్న: నమస్కారం సార్. విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. నాది 2008 మోడల్ పెట్రోల్ కారు, ఆటోమేటిక్ ఏసీ. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు చక్కగా చల్లగా ఉంటుంది, గాజువాక దాటేసరికి, అంటే అరగంటకి, వేడిగాలి మొదలవుతుంది. బండి ఆపి కాసేపాగి మళ్ళీ తీస్తే మామూలుగా పనిచేస్తుంది. గ్యాస్ తక్కువైందంటే ఏడాదిలో రెండుసార్లు కొట్టించాను. ఇప్పుడేమో కంప్రెసరే మార్చాలంటున్నారు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: అప్పుడే మార్చకండి మాస్టారూ. మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. అదే గ్యాస్ కంప్రెసర్ (దాన్ని నొక్కే పంపు), కండెన్సర్ (బండి ముందు వేడిని వదిలే జాలీ), కూలింగ్ కాయిల్ (డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచేది) మధ్య తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. పాత బండికి రబ్బరు పైపుల్లోంచి, సీళ్ళలోంచి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం పోవడం నిజమే కానీ ఏడాదికి రెండుసార్లు ఖాళీ అవుతోందంటే మాత్రం ఆ కారుతున్న చోటు పట్టుకోకుండా మళ్ళీ నింపడం డబ్బు దండగ. గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి పైపుల జాయింట్ల దగ్గర, కండెన్సర్ మీద జిడ్డుగా, దుమ్ము పట్టి నల్లగా మరక ఏదైనా ఉందేమో టార్చి వేసి చూడండి. మన ఊళ్ళో ఉప్పుగాలికి కండెన్సర్ రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి, బీచ్ రోడ్డు వైపు ఆరుబయట పెట్టే బళ్ళకి మరీను.

అయితే మీ బండి విషయంలో నాకు గ్యాస్ మీద అనుమానం లేదు. గ్యాస్ తక్కువైన బండి బయల్దేరినప్పుడే నీరసంగా చల్లబడుతుంది. అరగంట బ్రహ్మాండంగా పనిచేసి, వేడెక్కాక మానేసి, ఆగితే మళ్ళీ బాగుపడే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి కూలింగ్ కాయిల్ మంచు కట్టడం, రెండోది కంప్రెసర్ క్లచ్ పట్టు వదిలేయడం. వీటిని విడదీయడానికి మీకు కావాల్సింది చిన్న కాగితం ముక్క.

బండి చల్లగా ఉన్నప్పుడు ఆ కాగితాన్ని మధ్య గ్రిల్లు ముందు పట్టుకుని ఎంత గట్టిగా ఊగుతోందో గుర్తుపెట్టుకోండి. వేడిగాలి మొదలయ్యాక, బ్లోయర్ స్పీడు అంతే ఉంచి, మళ్ళీ పట్టండి. గాలి జోరు బాగా పడిపోయి ఉంటే కాయిల్ మీద మంచు గడ్డకట్టి గాలిని అడ్డుకుంటోందని అర్థం. అప్పుడు ఏసీ బటన్ ఆపేసి బ్లోయర్ మాత్రం పది నిమిషాలు తిరగనివ్వండి, గాలి మళ్ళీ పుంజుకుంటుంది, బండి కింద నీళ్ళు బాగా కారతాయి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ మంచు తొందరగా పేరుకుంటుంది. చాలా కార్లలో గ్లోవ్ బాక్సు వెనకాల ఉండే క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి, అది దుమ్ముతో మూసుకుపోయి ఉంటే ముందు దాన్ని మార్చండి. ఫిల్టరు శుభ్రంగానే ఉంటే కాయిల్ దగ్గర ఉండే చలి సెన్సరును చూపించుకోవాలి.

గాలి జోరు తగ్గకుండా చల్లదనం మాత్రమే పోతే అనుమానం క్లచ్ మీద. కంప్రెసర్ ముందు పుల్లీ, బెల్టుతో పాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దాని ముందున్న ప్లేటు మాత్రం ఏసీ వేసినప్పుడే, క్లచ్ కాయిల్‌లో (ఇది వేరు, రాగి తీగ చుట్ట) కరెంటు పారి అయస్కాంతంలా లాగినప్పుడే, టక్‌మని అతుక్కుని తిరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రెండింటి ముఖాలు అరిగి మధ్య సందు పెరుగుతుంది. అరగంట నడిచాక ఈ క్లచ్ కాయిల్ వేడెక్కుతుంది, వేడెక్కిన రాగి తీగలో కరెంటు తగ్గుతుంది, అయస్కాంతం బలం తగ్గి ఆ పెరిగిన సందు దాటి ప్లేటును లాగలేదు. చల్లారాక మళ్ళీ లాగుతుంది. మీరు చెప్పింది అచ్చం ఇదే.

ఇదే జబ్బు నా పాత బండికి వచ్చింది. భీమిలి నుంచి వస్తుంటే రుషికొండ దగ్గర వేడిగాలి, ఇంటికొచ్చి భోజనం చేసి చూస్తే మళ్ళీ చల్లగా. ఒక షాపులో నాకూ రెండుసార్లు గ్యాస్ కొట్టారు. చివరికి ఒకరోజు ఇంజను ఆపి, ఆ ప్లేటు మీద మా ఇంట్లో గోళ్ళరంగు తీసుకుని ఎర్రగా చుక్క పెట్టాను. బాగున్నప్పుడు ఆ చుక్క ఎర్రటి గీతలా గుండ్రంగా తిరిగింది. వేడిగాలి రాగానే పక్కకి ఆపి చూస్తే పుల్లీ తిరుగుతోంది, చుక్క మాత్రం పెట్టిన చోటే ఉంది. అది చూశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను, అన్ని నెలల టెన్షన్‌కి కారణం కళ్ళెదుట కనిపించింది. ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) పెడితే సందు 0.9 మిల్లీమీటర్లు వచ్చింది. చాలా బళ్ళకి ఉండాల్సింది 0.3 నుంచి 0.6 లోపే (మీ బండి మాన్యువల్ చూసుకోండి). మధ్య బోల్టు విప్పి, ప్లేటు లాగి, లోపలున్న పల్చటి షిమ్ము వాషర్లలో ఒకటి తీసి మళ్ళీ బిగించాం. అంతే. క్లచ్ అంతా కంప్రెసర్‌కి బయటే ఉంటుంది కాబట్టి ఈ పనికి గ్యాస్ తీయనక్కర్లేదు, నింపనక్కర్లేదు.

తేల్చుకోవడానికి ఇంకో మెట్టు, మల్టీమీటరు ఉంటే. ప్లేటు ఆగిపోయినప్పుడు కంప్రెసర్‌కి వెళ్ళే వైరులో ఓల్టేజీ చూడండి. ఇంజను నడుస్తుండగా 13 ఓల్టుల పైన వస్తున్నా ప్లేటు కదలకపోతే తప్పు సందుదో క్లచ్ కాయిల్‌దో. అసలు ఓల్టేజీ రాకపోతే రిలే (కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్), ప్రెషర్ స్విచ్, కూలింగ్ కాయిల్ దగ్గరి సెన్సరు, ఆ వరుసలో వెతకాలి. కండెన్సర్ ఫ్యాను తిరగకపోయినా ప్రెషరు పెరిగి స్విచ్ కట్ చేస్తుంది. అయితే ఆ తేడా ఎక్కువగా మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కనిపించి, బండి పరుగెత్తగానే సర్దుకుంటుంది.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఇంజను నడుస్తుండగా బానెట్ కింద కండువా, వదులు చేతుల చొక్కా వద్దు, ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో తెలీదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఇంజను ఆన్‌లో పెట్టి ఈ పని చేయకండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, ప్రాణం తీస్తుంది. గ్యాస్ పైపుల నట్లు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. ఎండాకాలంలో ఇంజను ఆగి ఉన్నా లోపల సుమారు 100 పీఎస్ఐ ఒత్తిడి ఉంటుంది, చిమ్మితే చర్మం, కళ్ళు గడ్డకట్టిపోతాయి.

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మా కారు కూడా పాతదే, ఆటో ఏసీ. మధ్యాహ్నం ఎండలో 24 పెడితే సరిగ్గా చల్లబడదు, 19కి దించితే మాత్రం గడ్డకట్టేంత చల్లగా వస్తుంది. రాత్రిళ్ళు 24 సరిపోతోంది. గ్యాస్ చెక్ చేయించాలా?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: వద్దు చెల్లెమ్మా. 19కి అంత చల్లగా వస్తోందంటే గ్యాస్, కంప్రెసర్ రెండూ బాగున్నాయి. చల్లదనం తయారవుతోంది, ఎంత కావాలో లెక్క వేసుకునే చోట పొరపాటు జరుగుతోంది.

డాష్‌బోర్డు మీద, అద్దానికి దగ్గరగా, నల్లటి చిన్న గుండీ లాంటిది ఉంటుంది, అది ఎండను కొలిచే సెన్సరు. దాని మీద ఏమైనా పెట్టారేమో చూడండి. మన ఊళ్ళో చాలా కార్లలో సింహాద్రి అప్పన్న పటం సరిగ్గా అక్కడే అతికించి ఉంటుంది. ఆ నీడలో సెన్సరు బయట ఎండే లేదనుకుంటుంది, కంప్యూటరు చల్లదనం తగ్గిస్తుంది. స్వామిని జానెడు పక్కకి జరిపి, నాలుగు మధ్యాహ్నాలు చూడండి. డాష్‌బోర్డు మీద పరిచే గుడ్డలు, మ్యాట్లు కూడా ఇలాగే చేస్తాయి.

పాత టయోటా బళ్ళు చాలావాటిలో అయితే ఏసీ ప్యానెలే తన జబ్బు తాను చెబుతుంది. ఆటో బటన్, లోపలి గాలి తిప్పే బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకుని తాళంచెవి ఆన్‌కి తిప్పితే ముందు లైట్లన్నీ మిణుకుమంటాయి, తర్వాత అంకెలు వస్తాయి. 00 అంటే అంతా బాగుంది. 11 కారు లోపలి వేడి సెన్సరు, 12 బయటి వేడి సెన్సరు, 13 కూలింగ్ కాయిల్ సెన్సరు, 21 ఎండ సెన్సరు. ఈ పరీక్ష ఎండలో చేయండి. నీడలో చేస్తే ఎండ సెన్సరు బాగున్నా 21 వచ్చేయొచ్చు, అది చూసి అనవసరంగా కొత్తది కొనేస్తారు.

డాష్‌బోర్డు వెనక నుంచి టిక్ టిక్ అని ఆగకుండా శబ్దం వస్తుంటే మాత్రం కథ వేరు. చల్లగాలీ వేడిగాలీ కలిపే తలుపును తిప్పే చిన్న మోటారు పళ్ళు అరిగాయని. అది మోటారు మార్చేస్తే పోతుంది.

ప్రశ్న: సార్, ఏసీ వేసుకుని భీమిలి నుంచి సిటీకి వస్తే ఎడమ సీటు కింద కార్పెట్ తడిసిపోతోంది. ప్రమాదమా?
- ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ తడి వేలికి అంటించి వాసన చూడు. మామూలు నీళ్ళలా ఉంటే కూలింగ్ కాయిల్ దగ్గర దిగే నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది. మన ఉక్కలో ఏసీ వేసిన పావుగంటకే బండి కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడాలి, పడకపోతే ఆ నీరు లోపలికే వస్తోంది. బండి కింద ఆ గొట్టం చివర వెతికి మెత్తటి ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా శుభ్రం చెయ్యి. ఇనుప ఊచ దూర్చి కాయిల్‌కి చిల్లు పెట్టకు.

ఏసీ వేయకపోయినా వానకి తడుస్తుంటే అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ చూడు. మీ వైపు సరుగుడు చెట్ల కింద పార్కింగ్ ఎక్కువ కదా, ఆ సన్నటి ఆకులు దిగి నీటి దారి మూసేస్తాయి.

తడి జిగటగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉంటే అది ఏసీ నీరు కాదు, ఇంజనును చల్లబరిచే కూలెంటు. హీటర్ కోర్ (ఆ కూలెంటు తిరిగే, డాష్‌బోర్డు లోపలి వేడి కాయిల్) కారుతోంది. టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్ళు, ముల్లు పైకి లేస్తే అక్కడే ఆపెయ్, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకు.