ఎల్‌కేజీ పాపకి ఫ్లూ, సోమవారం స్కూల్‌కి పంపొచ్చా?

సిరప్ వేస్తే జ్వరం దిగింది, సోమవారం యూనిట్ టెస్ట్ ఉంది, పంపనా అని అడిగారు కదండీ, వద్దు. అది మందు దింపిన జ్వరం, డోసు పవర్ అయిపోగానే లంచ్ టైంకి మళ్ళీ ఒళ్ళు కాలిపోద్ది, ఆయమ్మ ఫోన్ చేసేలోపు పక్క పిల్లలకి అంటించేసి ఉంటది. పారాసిటమాల్ వెయ్యకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండాలి, పాప హుషారుగా తినాలి, అప్పుడు పంపండి. చిన్న దగ్గు ఇంకొన్ని రోజులు ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. ఎల్‌కేజీ మార్కులు ఎవడడుగుతాడండీ, టీచర్‌కి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పడేయండి.

క్రెష్‌కీ ఇదే రూలు. అమ్మమ్మగారిని రప్పిస్తా అన్నారు, షుగర్ ఉన్న పెద్దావిడకి ఫ్లూ వస్తే ఇంకా కష్టం, మీరూ మీవారూ చెరో పూట లీవ్ పెట్టుకోవడం బెటర్.

నాకు అసలు టెన్షన్ మీ ఎనిమిది నెలల బాబు గురించే. రెండేళ్ళలోపు పిల్లలకి ఇది ముదిరే రిస్క్ ఎక్కువ. పాపని వేరే గదిలో పడుకోబెట్టండి, గ్లాసు, టవల్ విడిగా పెట్టండి, బాబుకి పాలు ఆపకండి. వాడికి ఒళ్ళు వెచ్చబడినా, పాలు తాగకపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి, ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఎగశ్వాస, డొక్కలు లోపలికి పోవడం, ఉచ్చ పోయకపోవడం, ఇవి ఎవరికి కనిపించినా అర్ధరాత్రైనా హాస్పిటలే. మిగిలిపోయిన యాంటీబయాటిక్ వద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు.

ఫ్లూ టీకా ఆరు నెలలు దాటితే వేస్తారు, మొదటిసారి కాబట్టి నాలుగు వారాల గ్యాప్‌తో రెండు డోసులు, బాబుకి ఎప్పుడు వేయించాలో మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.