ఒంట్లో బాగానే ఉన్నవాళ్లు రోజూ విటమిన్ మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. గాజువాకలో ఉంటాం. ప్రైవేటు కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. బీపీ, షుగర్ లేవు. అన్నీ తింటాను. ఆఫీసులో అందరూ వేసుకుంటున్నారని ఆరు నెలలుగా రోజూ ఒక మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటున్నాను. మూత్రం బాగా పచ్చగా వస్తోంది, నీరసం మాత్రం తగ్గలేదు. మా ఆవిడ జుట్టు రాలకుండా బయోటిన్ గమ్మీలు తింటోంది. మా అమ్మకు 67 ఏళ్లు. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది, గ్యాస్ మాత్ర కూడా రోజూ ఉంటుంది. నీచు మానేసి చాలా ఏళ్లయింది. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అంటోంది. ఆవిడకు కూడా ఇదే మాత్ర ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీకు ఆ మాత్ర అవసరం లేదు. మీ అమ్మగారికి మాత్రం రక్తపరీక్ష అవసరం, అది ఈ వారంలోనే చేయించండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీ సంగతి.

మన శరీరానికి కావలసిన విటమిన్లు 13. అవి కావలసింది చాలా కొద్ది మోతాదులో, మిల్లీగ్రాముల్లో, కొన్నయితే మైక్రోగ్రాముల్లో. పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు, ఏదో ఒక పండు రోజూ కంచంలో ఉండే మనిషికి అవి తిండిలోనే దొరుకుతాయి. విశాఖలో ఉన్నవాళ్లకు చేపలకు కరువేముంది? కానాగంతల్లో బీ12తో పాటు విటమిన్ డీ కూడా ఉంటుంది. నెత్తళ్లు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం అదనం. మునగాకు, తోటకూర, జామకాయ, ఉసిరి గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. రైతుబజారుకి వెళ్లి వారానికి సరిపడా తెచ్చుకుంటే చాలు.

అయినా ఎందుకైనా మంచిదని ఒక మాత్ర వేసుకుంటే పోయేదేముంది అని చాలామంది అడుగుతారు. అమెరికాలో దాదాపు 3,90,000 మంది ఆరోగ్యవంతులను 20 ఏళ్లకు పైగా గమనించిన ఒక విశ్లేషణ 2024లో వచ్చింది. రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నవారు వేసుకోనివారికంటే ఎక్కువ కాలం బతికిన దాఖలా అందులో లేదు. 50 దాటిన మగ డాక్టర్ల మీద జరిగిన మరో పెద్ద పరీక్షలో గుండెపోట్లు తగ్గలేదు. క్యాన్సర్లు మాత్రం కొద్దిగా, 8 శాతం మేర తగ్గాయి. ఆ లాభాన్ని కాదనను. కానీ 41 ఏళ్లకు నెలనెలా డబ్బు పోసి కొనుక్కునేంత గట్టి ఆధారం అది కాదు.

విడిగా ఒక్కో విటమిన్‌ను పెద్ద మోతాదులో వాడినప్పుడు హాని కూడా జరిగింది. ఫిన్‌లాండ్‌లో సిగరెట్ తాగే మగవారు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. క్యాన్సర్ రాకుండా ఆపుతుందన్న ఆశతో, ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఈ తీసుకున్న మగవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. కాబట్టి మీ ఆఫీసులో సిగరెట్ తాగే మిత్రులెవరైనా 'యాంటీ ఆక్సిడెంట్' అని ఉన్న మాత్రలు వాడుతుంటే లేబుల్ మీద బీటా కెరోటిన్ ఉందేమో చూడమనండి.

మూత్రం పచ్చగా వస్తోందని టెన్షన్ పడకండి. ఒంటికి అక్కరలేని బీ2 అలా బయటికి పోతోంది. నీరసానికి మాత్రం కారణం వెతకాలి. షిఫ్టుల్లో పనిచేసేవారికి చాలాసార్లు నిద్రే సమస్య. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు ఎంతసేపు పడుకుంటున్నారో, గురక వస్తోందో లేదో మీ ఆవిడను అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ ఒకసారి చూపించుకోండి. మల్టీవిటమిన్ వేసుకుంటున్నాం కదా అన్న ధీమాతో ఇవన్నీ ఆరు నెలలు వెనక్కి వెళ్లిపోయాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మీ ఆవిడ గమ్మీల సంగతి. బయోటిన్ అనేది ఒక బీ విటమిన్. దాని లోపం అరుదు, అది లేనివారికి బయోటిన్ వల్ల జుట్టు పెరుగుతుందనడానికి సరైన రుజువు లేదు. ఆడవాళ్లలో జుట్టు రాలితే ఐరన్, థైరాయిడ్ చూస్తాం. అయితే ఒక జాగ్రత్త. బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ పరీక్ష తప్పుగా రావచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా దెబ్బతినవచ్చు. కనీసం రెండు రోజుల ముందు గమ్మీలు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పి, అప్పుడు రక్తం ఇవ్వమనండి.

మీరు అడగకపోయినా విటమిన్ డీ గురించి చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే ఇబ్బందుల్లో ఇదొకటి. మెడికల్ షాపులో దొరికే డీ3 క్యాప్సూల్ 60,000 యూనిట్లది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 600 యూనిట్లు. అంటే ఒక్క క్యాప్సూల్‌లో వంద రోజుల సరుకు ఉంది. లోపం ఉన్నవారికి మేం వారానికి ఒకటి చొప్పున, సాధారణంగా ఎనిమిది వారాలు రాస్తాం. కొందరు దాన్ని రోజూ వేసుకుంటారు. ఇంకొందరు పాత చీటీ చూపించి నెలల తరబడి కొంటూనే ఉంటారు. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం మొదలై చివరికి కిడ్నీల మీదకు వస్తుంది. ఇక ఎండ. ఉదయం ఐదున్నరకు ఆర్కే బీచ్‌లో నడిస్తే గుండెకు మంచిదే, కానీ ఆ వేళ ఎండలో విటమిన్ డీ తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. అవి ఉండేది పదింటి నుంచి మూడింటి మధ్య. చేతులు, ముఖం తగిలేలా పదిహేను ఇరవై నిమిషాలు చాలు. వేసవిలో మాత్రం మిట్టమధ్యాహ్నం వద్దు, పదింటికే కానివ్వండి.

విటమిన్లు పనికిరానివని నేను అనడం లేదు. వందేళ్ల క్రితం ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన ప్రాంతంలోనే, బాగా మరపట్టిన తెల్ల బియ్యం తిని బీ1 లోపంతో నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి జబ్బు వచ్చేది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940లలో అమెరికాలో ఫోలిక్ యాసిడ్ తయారీకి సారథ్యం వహించారు. ఆ మాత్ర ఇప్పటికీ ఎందరో బిడ్డలను వెన్నుపాము లోపాల నుంచి కాపాడుతోంది. మీ ఇంట్లో ఎవరైనా గర్భం కోసం చూస్తుంటే ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నా మాత్ర తప్పనిసరే.

ఇక మీ అమ్మగారు. బీ12 దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలలోనే. ఆవిడ నీచు మానేశారు. తిన్న కాస్త బీ12 ఆహారం నుంచి విడివడడానికి కడుపులో ఆమ్లం కావాలి. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బీ12 పీల్చుకోవడం తగ్గుతుంది. దానికి వయసు తోడు. ఇన్ని కారణాలు ఒకే మనిషిలో ఉన్నప్పుడు తిమ్మిర్లను షుగర్ వల్లే అనుకుని వదిలేయకూడదు. బీ12 లోపం వల్ల నరాలు దెబ్బతింటే ఆలస్యమయ్యే కొద్దీ అవి పూర్తిగా కోలుకోవు.

మీ డబ్బాలోని మాత్ర ఇవ్వవద్దనడానికి రెండు కారణాలు. అలాంటి మాత్రల్లో బీ12 సాధారణంగా కొన్ని మైక్రోగ్రాములే ఉంటుంది. లోపం ఉన్నవారికి 1000 మైక్రోగ్రాముల మోతాదు మాత్రలు గానీ, ఇంజెక్షన్లు గానీ కావాలి. రెండోది, అందులోని ఫోలిక్ యాసిడ్ బీ12 లోపం వల్ల వచ్చే రక్తహీనతను సరిచేసి లోపం బయటపడకుండా చేస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

అందుకే ముందు రక్తం ఇప్పించండి, బీ12 మాత్రలు ఏవైనా ఆ తర్వాతే. రిపోర్టులో 200 పికోగ్రాముల లోపు వస్తే లోపం ఉన్నట్టే. దానికి కాస్త పైన ఉన్నా తిమ్మిర్లు ఉన్నాయి కాబట్టి డాక్టర్‌కు చూపించాలి. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని కూడా అదే రోజు అడగండి, చాలామందికి అది ఎప్పుడో ఆపేయాల్సింది. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అది మంచి మందు. నడుస్తుంటే తూలడం, చీకట్లో అడుగు తడబడడం, మతిమరుపు కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి.