కమాను కత్తిరించిన పాప

ప్రశ్న: మాది విజయనగరం. పాప ఎనిమిదో తరగతి. నాలుగేళ్ళుగా ఫిడేలు నేర్పిస్తున్నాం. గీతాలు అయ్యాయి, వర్ణం దగ్గర ఆగిపోయింది. సరిగ్గా క్లాసున్న రోజే కడుపునొప్పి అంటోంది. సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాల ముందు వాయించమంటే రెండుచోట్ల తప్పింది, అందరూ సరదాగా నవ్వారంతే. మా ఆడపడుచు కూతురు అమెరికాలో పియానో పరీక్షలు వరసగా పాసవుతోంది. మొన్న గట్టిగా మందలిస్తే మా పాప కత్తెర తెచ్చి, ఫిడేలు వాయించే కమాను వెంట్రుకలు కత్తిరించేసింది. చిన్నప్పుడు నాకూ సంగీతమంటే ప్రాణం. మా నాన్న పంపలేదు. దీన్ని దారిలో పెట్టేదెలా?

జవాబు: అమ్మా, కమాను గురించి బెంగ వద్దు. గుర్రపు తోక వెంట్రుకలు, మళ్ళీ కట్టించుకోవచ్చు. ఫిడేలు జోలికి పోలేదు చూశారా? అంత కోపంలోనూ బాగుచేసుకోగలిగిన దాన్నే తెంపింది.

మీరు ఒక్క ముక్కలో దాటేసిన చోట నేను ఆగాను. ‘సరదాగా నవ్వారంతే’ అన్నారు. వీణకైతే మెట్లుంటాయి, వేలు ఎక్కడ పెట్టాలో కంటికి కనిపిస్తుంది. ఫిడేలుకి అవి లేవు. వేలు కాస్త జరిగితే అపస్వరమే, అదీ వీధి వరకూ వినిపిస్తుంది. అలాంటి వాద్యాన్ని పదమూడేళ్ళ పిల్ల చేతికిచ్చి, పులిహోర తింటున్న చుట్టాల ముందు కూర్చోబెట్టాం. కడుపునొప్పి ఆ పండగ తర్వాతే మొదలైందేమో గుర్తు చేసుకోండి. ఒకసారి డాక్టరుకి కూడా చూపించండి. నాటకమని కొట్టిపారేయొద్దు, టెన్షన్‌కి నిజంగానే కడుపు నొప్పెడుతుంది.

మీ ఊరి సంగీత కళాశాల కథ మీకు తెలిసే ఉంటుంది. రాజుగారి ఆస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగరాజుకి చూపు లేదు, పాటంటే ఇష్టం. ఆ కుర్రాడి కోసమే మహారాజా విజయరామ గజపతిరాజు 1919లో దాన్ని పెట్టారంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు గురువు. అక్కడ పిల్లవాడి ఇష్టం ముందు పుట్టింది, బడి తర్వాత వచ్చింది. మనం ముందే ఫీజు కట్టేసి ఇష్టం కోసం ఎదురు చూస్తున్నాం.

పాపకి సంగీతమంటే గిట్టదని నేను అనడం లేదు, అది నాకు తెలియదు. మీకూ తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి. మూడు నెలలు క్లాసు ఆపండి. గురువుగారికి మీరే వెళ్ళి చెప్పండి, పాప చేత చెప్పించకండి. ఫిడేలు అటక మీద పెట్టొద్దు, కంటికి కనిపించే చోటే ఉంచి ఊరుకోండి. ఆ అమెరికా పియానో వీడియోలు ఇంట్లో మోగించొద్దు. గడువయ్యాక తను వద్దంటే వద్దు, నాలుగేళ్ళ ఫీజు లెక్క తీయకండి. ‘వాయిస్తాను, కానీ ఎవరి ముందూ కాదు’ అంటే దానికీ సరేననండి.

ఇక మీ సంగతి. నాన్నగారు పంపలేదన్న మాట ఉత్తరం చివర రాశారు, నాకు మాత్రం అదే మొదటి మాటలా వినిపించింది. ఆ కోరిక మీది. పాప చేత తీర్పించుకోవడం దేనికి? సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలకి వయసుతో పనిలేదు. క్లాసు ఆపుతున్నామని చెప్పడానికి వెళ్ళినప్పుడే, పెద్దవాళ్ళకి నేర్పుతారా అని గురువుగారిని అడగండి. కొన్నాళ్ళు మీ అపస్వరాలు ఇల్లంతా వినిపిస్తాయి, పాప నవ్వినా నవ్వుతుంది. నవ్వనివ్వండి. మీరు క్లాసుకి వెళ్ళేటప్పుడు మాత్రం తనని తోడు రమ్మనకండి.